‘కట్టారు’ అంటే ఎవరు కట్టారు? ఇంగ్లీషు వాక్యాలు మార్చడం: నాలుగో పాఠం

పోయిన పాఠంలో క్రియల మూడో రూపాలు చూశాం. ‘రైట్, రోట్, రిటెన్’, ‘టేక్, టుక్, టేకెన్’, ‘బిల్డ్, బిల్ట్, బిల్ట్’ అంటూ నలభై క్రియలు రాసుకుని, రోజుకు ఐదు చొప్పున నోటికి తెచ్చుకోమన్నాను. ఎనిమిది రోజుల పని అది. చేసినవాళ్లకు ఇవాళ్టి పాఠం తేలిక. పూర్తి చేయనివాళ్లు మాత్రం దయచేసి ఇక్కడే ఆగి, ముందు ఆ పట్టిక ముగించండి. ఇవాళ చెప్పబోయే ప్రతి వాక్యంలోనూ మూడో రూపమే ఉంటుంది. అది తడుముకోకుండా రావాలి.

ఎప్పటిలాగే ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. ముందు పైకి చదవండి. చెవికి అలవాటయ్యాక నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. చదవకుండా రాయడం మొదలుపెట్టకండి.

ఈ పాఠానికి కారణం టెక్కలి నుంచి వచ్చే ఒకమ్మాయి. శ్రీకాకుళంలో మా సాయంత్రం క్లాసుకు రోజూ బస్సులో వచ్చి వెళ్తుంది. బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఒకరోజు క్లాసు అయిపోయాక ఉండిపోయి ఇలా అంది: “మాస్టారూ, వాయిస్ మార్చమంటే నాకు పదికి పది వస్తాయండి. మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్కటీ రాదు. మొన్న ఇంటర్వ్యూలో మీ జిల్లా గురించి చెప్పమన్నారు. అరసవల్లి గుడి గురించి మొదలెట్టి ‘ది టెంపుల్ బిల్ట్ ఇన్ ది సెవెంత్ సెంచరీ’ అనీసినాను. అన్నాక తప్పని తెలిసిపోయింది. ఆ టెన్షన్‌లో ఇంక నోరు పెగల్లేదండి.”

ఆమెకు సూత్రం తెలుసు. పుస్తకంలో ‘రామ కిల్డ్ రావణ’ అని ఇస్తే ‘రావణ వాజ్ కిల్డ్ బై రామ’ అని క్షణంలో రాసేస్తుంది. పని చేసినవాడు ముందుండే మొదటి వాక్యం యాక్టివ్, పని ఎవరి మీద జరిగిందో వాళ్లు ముందుండే రెండోది ప్యాసివ్. ఒకదాన్ని మరొకటిగా మార్చడమే వాయిస్ మార్చడం. కానీ ఇంటర్వ్యూ గదిలో మన చేతికి ఎవరూ ఇంగ్లీషు యాక్టివ్ వాక్యం రాసి ఇవ్వరు. అక్కడ మన బుర్రలో ఉండేది తెలుగు వాక్యం. “అరసవల్లి గుడి ఏడో శతాబ్దంలో కట్టారు.” దాన్నుంచి నేరుగా ఇంగ్లీషు ప్యాసివ్‌లోకి రావాలి. మనం బడిలో నేర్చుకున్నది ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకు మార్చడం. మనకు రోజూ కావలసింది తెలుగు నుంచి మార్చడం. అందుకని ఈ పాఠంలో పుస్తకం దారి వదిలేసి, మన నోట్లో ఉన్న మాట దగ్గరే మొదలుపెడదాం.

‘ఆరు’లో ఉన్న మనిషి

ఈ వాక్యాలు చూడండి.

మా వీధిలో రోడ్డు వేశారు.
నిన్న రాత్రి కరెంటు తీసేశారు.
పరీక్ష వాయిదా వేశారు.
అరసవల్లి గుడి ఏడో శతాబ్దంలో కట్టారు.

ప్రతి వాక్యాన్నీ “ఎవరు?” అని అడగండి. రోడ్డు ఎవరు వేశారు? చెప్పలేదు. కరెంటు ఎవరు తీశారు? చెప్పలేదు. చివర ఉన్న ‘ఆరు’ వల్ల ఎవరో మనుషులు చేశారని మాత్రం తెలుస్తుంది. వాళ్లెవరో చెప్పేవాడికీ అక్కర్లేదు, వినేవాడికీ అక్కర్లేదు. మన మాటంతా రోడ్డు గురించి, కరెంటు గురించి, గుడి గురించి.

తెలుగుకు ఇది చాలా సుఖమైన పద్ధతి. కర్తను చెప్పకుండానే వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘కమ్’, ‘సిట్’ లాంటి ఆజ్ఞలు వదిలేస్తే, అక్కడ ప్రతి వాక్యానికీ ముందు ఒక కుర్చీ ఉంటుంది, అందులో ఎవరో ఒకరు కూర్చోవాలి. ఎవరిని కూర్చోబెడదాం? ‘దే బిల్ట్ ది టెంపుల్’ అనొచ్చు. కానీ వినేవాడు వెంటనే “దే అంటే ఎవరు?” అని వెతుక్కుంటాడు. కాబట్టి గుడినే కుర్చీలో కూర్చోబెట్టాలి. ‘ది టెంపుల్...’

మన అమ్మాయి ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత ‘బిల్ట్’ అంది. ఇంగ్లీషు వినేవాడికి కుర్చీలో ఉన్నదే పని చేసినట్టు లెక్క. ‘ది టెంపుల్ బిల్ట్’ అంటే గుడే వెళ్లి ఏదో కట్టిందని అర్థం వస్తుంది. అలా కాదు, కుర్చీలో ఉన్నది పని చేయలేదు, దాని మీద పని జరిగింది అని చెప్పేదే ఆ ‘వాజ్’. ‘ది టెంపుల్ వాజ్ బిల్ట్ ఇన్ ది సెవెంత్ సెంచరీ.’ ఒక్క చిన్న మాట. అది జారిపోతే అర్థమే తలకిందులవుతుంది.

మిగతా మూడూ ఇప్పుడు మీరే చెప్పగలరు. ‘ఎ రోడ్ వాజ్ లెయిడ్ ఇన్ అవర్ స్ట్రీట్.’ ‘ది పవర్ వాజ్ కట్ లాస్ట్ నైట్.’ ‘ది ఎగ్జామ్ వాజ్ పోస్ట్‌పోన్డ్.’

ఒక జాగ్రత్త. ‘ఆరు’ కనిపించిన ప్రతిచోటా ప్యాసివ్ కాదు. మనం గౌరవానికి కూడా ‘ఆరు’ వాడతాం కదా. “మా మాస్టారు ఈ లెక్క చెప్పారు” అన్నప్పుడు ఎవరు అని అడిగితే మాస్టారు అని జవాబు వాక్యంలోనే ఉంది. అక్కడ ‘అవర్ టీచర్ ఎక్స్‌ప్లెయిన్డ్ దిస్ ప్రాబ్లమ్’ అంటే సరిపోతుంది. జవాబు వాక్యంలో ఉంటే యాక్టివ్, లేకపోతే ప్యాసివ్. ఈ ఒక్క ప్రశ్న అలవాటు చేసుకుంటే సగం పాఠం వచ్చేసినట్టే.

కాలాన్ని మోసేది ఎవరు

ఇప్పుడు ఒకే మాటను కాలాల వెంట నడిపిద్దాం. నాగావళి మీద ఒక బ్రిడ్జి కడుతున్నారనుకోండి.

కట్టారు: ‘ది బ్రిడ్జ్ వాజ్ బిల్ట్.’
కడుతున్నారు: ‘ది బ్రిడ్జ్ ఈజ్ బీయింగ్ బిల్ట్.’
అప్పటికి ఇంకా కడుతున్నారు: ‘ది బ్రిడ్జ్ వాజ్ స్టిల్ బీయింగ్ బిల్ట్.’
కట్టేశారు: ‘ది బ్రిడ్జ్ హ్యాజ్ బీన్ బిల్ట్.’
వచ్చే ఏడాది కడతారు: ‘ది బ్రిడ్జ్ విల్ బి బిల్ట్ నెక్స్ట్ ఇయర్.’
కట్టాలి: ‘ది బ్రిడ్జ్ మస్ట్ బి బిల్ట్.’
కట్టొచ్చు: ‘ది బ్రిడ్జ్ కెన్ బి బిల్ట్.’

పైకి రెండుసార్లు చదవండి. ‘బిల్ట్’ ఎక్కడా కదల్లేదు. మారిందల్లా ‘వాజ్’, ‘ఈజ్ బీయింగ్’, ‘హ్యాజ్ బీన్’, ‘విల్ బి’. అన్నీ ‘బి’ అనే ఒకే క్రియ రూపాలు. తెలుగులో కాలం క్రియ తోకలో ఉంటుంది, ఇంగ్లీషు ప్యాసివ్‌లో ‘బి’ మీద ఉంటుంది. మూడో రూపాన్ని ముట్టుకోకండి.

ఇందులో మనవాళ్లు ఎక్కువగా తప్పేది రెండో వాక్యం. “రోడ్డు వేస్తున్నారు” అనడానికి ‘ది రోడ్ ఈజ్ లేయింగ్’ అంటారు. మళ్లీ అదే తంటా. రోడ్డే ఏదో వేస్తోందన్నట్టు అవుతుంది. ‘ది రోడ్ ఈజ్ బీయింగ్ లెయిడ్.’ ఆ ‘బీయింగ్’ మొదట్లో నోటికి అడ్డంగా తగులుతుంది. పదిసార్లు పలకండి. టీ పెడుతున్నారు: ‘టీ ఈజ్ బీయింగ్ మేడ్.’ ఇంటికి సున్నం వేస్తున్నారు: ‘ది హౌస్ ఈజ్ బీయింగ్ వైట్‌వాష్డ్.’ ఊళ్లో పైపులు వేస్తున్నారు: ‘పైప్స్ ఆర్ బీయింగ్ లెయిడ్ ఇన్ ది విలేజ్.’

మన ఉత్తరాంధ్ర మాటలో ఒక సదుపాయం ఉంది. మనం “రోడ్డేసీసినారు”, “డబ్బులిచ్చీసినారు” అంటాం. ఆ ‘ఈసినారు’, పుస్తకం తెలుగులో ‘ఏశారు’, పని అయిపోయిందని గట్టిగా చెప్పే తోక. ఎప్పుడన్నది చెప్పకుండా అలా అంటే చాలాసార్లు ఇంగ్లీషులో ‘హ్యాజ్ బీన్’ సరిపోతుంది. ‘ది రోడ్ హ్యాజ్ బీన్ లెయిడ్.’ కానీ ‘నిన్న’, ‘పోయిన నెల’, ‘2018లో’ లాంటి మాట పక్కన చేరితే ‘హ్యాజ్ బీన్’ వదిలేయాలి. “నిన్నే ఏసీసినారు” అంటే ‘ది రోడ్ వాజ్ లెయిడ్ ఎస్టర్‌డే.’ గడిచిపోయిన కాలం పేరు చెప్పాక ఇంగ్లీషు ‘హ్యాజ్’ను ఒప్పుకోదు.

‘కట్టలేదు’ విషయంలోనూ ఇదే చూసుకోవాలి. “ఇంకా కట్టలేదు” అయితే ‘హ్యాజ్ నాట్ బీన్ బిల్ట్ యెట్.’ “పోయినేడు కట్టలేదు” అయితే ‘వాజ్ నాట్ బిల్ట్ లాస్ట్ ఇయర్.’

ముందు ‘నాకు’, ‘నన్ను’ వస్తే

నా అనుభవంలో పిల్లలు ఎక్కువగా ఆగిపోయే చోటు ఇది. పుస్తకాల్లో కుర్చీలోకి ఎప్పుడూ ఒక వస్తువు వస్తుంది. గుడి, ఉత్తరం, మామిడిపండు. మన మాటల్లో మాత్రం ఎక్కువగా మనమే వస్తాం. నన్ను పిలిచారు. నాకు చెప్పారు. మాకు ఇవ్వలేదు. నన్ను అడిగారు.

వాక్యం మొదట్లో ‘నాకు’ గానీ ‘నన్ను’ గానీ ఉండి, చివర ఎవరో తెలియని ‘ఆరు’ ఉంటే, కళ్లు మూసుకుని ‘ఐ వాజ్’ అని మొదలుపెట్టండి. నన్ను పిలిచారు: ‘ఐ వాజ్ కాల్డ్.’ నన్ను రేపు రమ్మన్నారు: ‘ఐ వాజ్ ఆస్క్‌డ్ టు కమ్ టుమారో.’ నన్ను మా జిల్లా గురించి అడిగారు: ‘ఐ వాజ్ ఆస్క్‌డ్ అబౌట్ మై డిస్ట్రిక్ట్.’ నాకు రెండు రోజులు టైమిచ్చారు: ‘ఐ వాజ్ గివెన్ టూ డేస్.’ మాకు చెప్పలేదు: ‘వి వర్ నాట్ టోల్డ్.’

ఇక్కడ రెండు క్రియలు మొండికేస్తాయి. ‘సే’, ‘ఎక్స్‌ప్లెయిన్’. నాకు చెప్పారు అనడానికి ‘ఐ వాజ్ సెడ్’ అనకూడదు. ‘టెల్’ మనిషిని పట్టుకుంటుంది, ‘సే’ మాటను పట్టుకుంటుంది. అందుకే ‘ఐ వాజ్ టోల్డ్’. అలాగే “నాకు వివరించారు” అంటే ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ కాదు, ‘ఇట్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి.’

“నాకు ఆకలేస్తోంది”, “నాకు తెలుసు” లాంటివి ఈ దారిలోకి రావు. చివర ‘ఆరు’ లేదు కదా. ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ నో’. అంతే.

ఆగింది, ఆపారు

ఈ భాగం మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. తెలుగువాళ్లకు ఇంగ్లీషు నేర్చుకోవడంలో ఇంతకంటే గట్టి సాయం మరొకటి లేదని నా నమ్మకం.

ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో నిలబడ్డారనుకోండి. ఒక రైలు వచ్చి ఆగింది. మరో రైలును స్టేషన్ అవతల ఎవరో ఆపారు. ఆగింది, ఆపారు. మనకు రెండు వేర్వేరు క్రియలు. చిన్నపిల్లాడు కూడా వీటిని కలిపేయడు. ఇంగ్లీషులో రెండింటికీ ఒక్కటే మాట, ‘స్టాప్’. మరి తేడా ఎలా తెలుస్తుంది? ‘ది ట్రెయిన్ స్టాప్డ్’ అంటే ఆగింది. ‘ది ట్రెయిన్ వాజ్ స్టాప్డ్’ అంటే ఆపారు. మనం రెండు క్రియలతో చెప్పే తేడాను వాళ్లు ఒక ‘వాజ్’తో చెబుతారు.

మన భాషలో ఇలాంటి జంటలు బోలెడు. తలుపు తెరుచుకుంది, తలుపు తెరిచారు. ‘ది డోర్ ఓపెన్డ్’, ‘ది డోర్ వాజ్ ఓపెన్డ్.’ అద్దం పగిలింది, అద్దం పగలగొట్టారు. ‘ది గ్లాస్ బ్రోక్’, ‘ది గ్లాస్ వాజ్ బ్రోకెన్.’ టైమింగ్స్ మారాయి, టైమింగ్స్ మార్చారు. ‘ది టైమింగ్స్ హ్యావ్ చేంజ్డ్’, ‘ది టైమింగ్స్ హ్యావ్ బీన్ చేంజ్డ్.’ మనకు తెలిసిన తేడానే. కాబట్టి మాట్లాడబోయే ముందు తెలుగులో ఏ క్రియ వచ్చిందో వినండి. తనంతట తాను జరిగే క్రియ వస్తే ‘వాజ్’ వద్దు. ఎవరో చేసిన క్రియ వస్తే ‘వాజ్’ కావాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు ఎలా పోయాయో ఈ జిల్లాలో అందరికీ గుర్తే. దాని గురించి రెండు రకాలుగా చెప్పొచ్చు. “కొబ్బరిచెట్లు పడిపోయాయి” అంటే ‘కోకోనట్ ట్రీస్ ఫెల్.’ “తుఫాను చెట్లను వేళ్లతో సహా పెకలించింది” అన్న మాటను చెట్ల వైపు నుంచి చెప్పాలంటే ‘కోకోనట్ ట్రీస్ వర్ అప్‌రూటెడ్ బై ది సైక్లోన్.’ ‘ట్రీస్ వర్ ఫాలెన్’ అని మాత్రం అనకండి. పడడం చెట్టు పని. దానికి ప్యాసివ్ లేదు.

ఇలా ప్యాసివ్ లేని క్రియలు ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. పడడం, వెళ్లడం, రావడం, చేరడం, చనిపోవడం, జరగడం. ఎవరూ దేన్నీ ఏమీ చేయడం లేదు కాబట్టి కుర్చీ మార్చడానికి రెండో మనిషి లేడు. అయినా మనవాళ్ల రాతల్లో ‘హి వాజ్ డైడ్’, ‘ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’ తరచుగా కనిపిస్తాయి. ‘హి డైడ్’, ‘ది యాక్సిడెంట్ హ్యాపెన్డ్’ చాలు. “మీటింగ్ జరిగింది” దగ్గర ఒక మెలిక ఉంది. ప్రమాదం తనంతట జరుగుతుంది. మీటింగ్ ఎవరో పెడితేనే జరుగుతుంది. అందుకే ‘ది మీటింగ్ వాజ్ హెల్డ్.’

‘పుట్టాను’ దీనికి సరిగ్గా ఎదురు. తెలుగులో పుట్టడం మన పనే. ఇంగ్లీషులో ‘బేర్’ అంటే కనడం, అమ్మ చేసే పని. దాని మూడో రూపమే ‘బార్న్’. “నన్ను కన్నారు” అని మనసులో అనుకుంటే ‘ఐ వాజ్ బార్న్’ తన్నుకుంటూ వస్తుంది. ‘ఐ బార్న్’ గానీ, ‘ఐ యామ్ బార్న్ ఇన్ 2001’ గానీ అనకండి. గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి చెప్పాలన్నా అంతే. ‘గిడుగు రామమూర్తి వాజ్ బార్న్ ఇన్ 1863. హిజ్ బర్త్‌డే, ఆగస్ట్ 29, ఈజ్ సెలబ్రేటెడ్ యాజ్ తెలుగు లాంగ్వేజ్ డే.’

పంతులు గారి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా వాదించారు. సవర గిరిజనుల మాట వాళ్ల నోటి నుంచే విని నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఇంగ్లీషు ప్యాసివ్ నేర్చుకున్నాక కొందరు తెలుగు కూడా పాడు చేసుకుంటారు. ‘ది టెంపుల్ వాజ్ బిల్ట్’ను తెలుగులోకి తెమ్మంటే “గుడి నిర్మించబడింది” అని రాస్తారు. “గుడి కట్టారు” అనండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.

‘బడు’ నిజంగా బతికి ఉన్న చోటు ఒకటుంది, మన వీధి బోర్డులు. “ఇచ్చట సెల్‌ఫోన్లు రిపేరు చేయబడును.” “ఇల్లు అద్దెకు ఇవ్వబడును.” వాటిని నేను తప్పు పట్టను. మనకు అవి మంచి అభ్యాసం. ‘మొబైల్ ఫోన్స్ ఆర్ రిపేర్డ్ హియర్.’ శ్రీకాకుళంలో ఉన్నవాళ్లు ఒక సాయంత్రం ఏడురోడ్ల జంక్షన్ నుంచి డే అండ్ నైట్ జంక్షన్ దాకా నడిచి, కనిపించిన ప్రతి బోర్డునూ ఇలా మార్చుకుంటూ వెళ్లండి. విజయనగరం వాళ్లకు గంటస్తంభం చుట్టూ ఉన్న వీధులు చాలు.

‘బై’ ఎప్పుడు, ‘విత్’ ఎప్పుడు

ప్యాసివ్ అనగానే చివర ‘బై’ పెట్టాలని మనకు బడిలో బాగా నాటుకుపోయింది. నిజానికి చాలా ప్యాసివ్ వాక్యాలకు ‘బై’ అక్కర్లేదు. చేసినవాడు ముఖ్యం కాదు కాబట్టే కదా ప్యాసివ్‌లోకి వచ్చాం. ‘ది ఎగ్జామ్ వాజ్ పోస్ట్‌పోన్డ్ బై దెమ్’ అన్నప్పుడు ఆ ‘బై దెమ్’ వల్ల కొత్తగా తెలిసిందేమీ లేదు. కొట్టేయండి.

మరి ‘బై’ ఎప్పుడు? తెలుగులో మనం “ఆ మామిడిచెట్టు మా తాతగారు నాటింది” అంటాం చూడండి, అప్పుడు. “మా తాతగారు ఆ మామిడిచెట్టు నాటారు” అన్నప్పుడు మాట తాతగారి గురించి. ‘మై గ్రాండ్‌ఫాదర్ ప్లాంటెడ్ దట్ మ్యాంగో ట్రీ.’ చెట్టు కింద కూర్చుని, చెట్టును చూపిస్తూ “ఇది మా తాతగారు నాటింది” అన్నప్పుడు మాట చెట్టు గురించి మొదలై తాతగారి దగ్గర ఆగుతుంది. ‘దిస్ ట్రీ వాజ్ ప్లాంటెడ్ బై మై గ్రాండ్‌ఫాదర్.’ మనం మాటల వరస మార్చి, ‘నాటారు’ను ‘నాటింది’ చేసి సాధించేదాన్ని వాళ్లు ‘బై’తో సాధిస్తారు.

పనిముట్టు వస్తే మాత్రం ‘విత్’. కొడవలితో కోశారు: ‘కట్ విత్ ఎ సికిల్.’

పొందూరు ఖాదీ ఎలా తయారవుతుందో చెప్పి చూడండి, ఈ పాఠమంతా ఒకచోట కనిపిస్తుంది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. గింజలు తీస్తారు. ఏకుతారు. రాట్నం మీద నూలు వడుకుతారు. మగ్గం మీద నేస్తారు. ఐదు వాక్యాల్లో ఒక్కచోట కూడా ఎవరన్నది చెప్పలేదు. ‘ది కాటన్ ఈజ్ క్లీన్డ్ విత్ ది జాబోన్ ఆఫ్ ఎ ఫిష్. ది సీడ్స్ ఆర్ రిమూవ్డ్. దెన్ ఇట్ ఈజ్ కార్డెడ్. ఇట్ ఈజ్ స్పన్ ఇంటు యార్న్. ది యార్న్ ఈజ్ వోవెన్ ఆన్ ఎ హ్యాండ్‌లూమ్.’ ఏ వస్తువు తయారీ చెప్పాలన్నా ఇదే నడక. ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే ‘తారు’కు ‘ఈజ్’ లేదా ‘ఆర్’. ఇంటర్వ్యూలో మీ ఊరి గురించి అడిగితే ఈ ఐదు వాక్యాలు తడబడకుండా చెప్పండి. వినేవాళ్లు వాలుగ చేప దవడ దగ్గర తప్పకుండా తల ఎత్తి చూస్తారు.

ఇంత చెప్పాక ఒక ఎదురు ఉదాహరణ కూడా ఇవ్వాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. దీన్ని ‘ఎ బ్రాంజ్ మెడల్ వాజ్ వన్ బై మల్లీశ్వరి’ అని మార్చొచ్చు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, పరీక్షలో మార్కు కూడా వస్తుంది. కానీ ఎత్తింది ఆమె. ఆ 240 కిలోలు మోసిన చేతులు వాక్యంలో ముందుండాలి. ‘మల్లీశ్వరి వన్ ఎ బ్రాంజ్ మెడల్ ఎట్ ది సిడ్నీ ఒలింపిక్స్.’ మార్చడం తెలిసినంత మాత్రాన ప్రతిదాన్నీ మార్చేయకండి. మాట ఎవరి గురించో వాళ్లనే కుర్చీలో కూర్చోబెట్టండి.

అంటారు, చెబుతారు

ఇవి రెండూ త్వరగా చూసేద్దాం. అంటారు: ‘ఈజ్ కాల్డ్’. విజయనగరాన్ని విద్యలనగరం అంటారు: ‘విజయనగరం ఈజ్ కాల్డ్ ది సిటీ ఆఫ్ లెర్నింగ్.’ పేరు తెలియని వస్తువు చూపించి “దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?” అని అడగాలంటే ‘వాట్ ఈజ్ దిస్ కాల్డ్ ఇన్ ఇంగ్లీష్?’ ఈ ఒక్క ప్రశ్న నోటికి వస్తే మిగతా ఇంగ్లీషు అడిగి నేర్చుకోవచ్చు.

చెబుతారు: ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’. అరసవల్లి గుడిని కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. వినికిడి మీద చెబుతున్నప్పుడు ముందు ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ పెట్టుకుంటే మన మాటకు నిజాయితీ ఉంటుంది.

ఇప్పుడు మీ వంతు

కింది వాక్యాలను ముందు పైకి చెప్పండి, తర్వాత రాయండి. జవాబులు వెంటనే చూడకండి. ఒక్కో వాక్యానికీ “ఎవరు?” అని అడిగాకే నోరు తెరవండి.

1. మా ఊళ్లో వాటర్ ట్యాంకు కడుతున్నారు.
2. ఈ కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు.
3. బస్సు దారిలో చెడిపోయింది.
4. నన్ను గంటసేపు బయట కూర్చోబెట్టారు.
5. పలాసలో జీడిపిక్కలు ప్రాసెస్ చేస్తారు.
6. ఈ కుర్చీ మా నాన్నగారు చేసింది.
7. విజయనగరం కోట 1713లో కట్టారు.
8. ఫీజు ఈ నెలలోనే కట్టాలి.

జవాబులు. మొదటిది ‘ఎ వాటర్ ట్యాంక్ ఈజ్ బీయింగ్ బిల్ట్ ఇన్ అవర్ విలేజ్.’ ‘బీయింగ్’ మర్చిపోయినవాళ్లు రెండో భాగం మళ్లీ చదవండి. రెండోది ‘దిస్ పేపర్ హ్యాజ్ నాట్ బీన్ సైన్డ్ యెట్.’ ‘ఇంకా’ ఉంది కాబట్టి ‘హ్యాజ్’. మూడోది వల. ‘ది బస్ బ్రోక్ డౌన్ ఆన్ ది వే.’ బస్సు తనంతట చెడిపోయింది, ఎవరూ చెడగొట్టలేదు. ‘వాజ్’ పెట్టి ఉంటే కొట్టేసి, పక్కన “చెడిపోయింది, చెడగొట్టారు” అని రాసుకోండి.

నాలుగోది ‘ఐ వాజ్ మేడ్ టు సిట్ అవుట్‌సైడ్ ఫర్ యాన్ అవర్.’ ఇది కొంచెం కష్టం. యాక్టివ్‌లో ‘దే మేడ్ మి సిట్’. అక్కడ ‘టు’ లేదు. ప్యాసివ్‌లోకి రాగానే ‘మేడ్ టు సిట్’ అని ‘టు’ వచ్చి చేరుతుంది. పోటీ పరీక్షల్లో దీన్ని తరచుగా అడుగుతారు. ‘సీ’, ‘హియర్’ కూడా ఇలాగే. వాడు పాడడం విన్నారు: ‘హి వాజ్ హర్డ్ టు సింగ్’ అవుతుంది. అయితే మామూలు మాటల్లో ‘హి వాజ్ హర్డ్ సింగింగ్’ ఎక్కువ సహజం.

ఐదోది ‘క్యాష్యూ నట్స్ ఆర్ ప్రాసెస్డ్ ఇన్ పలాస.’ ఆరోది ‘దిస్ చెయిర్ వాజ్ మేడ్ బై మై ఫాదర్.’ కుర్చీని చూపిస్తూ చెబుతున్నాం, చివర నాన్నగారు, అందుకే ‘బై’. ఏడోది ‘విజయనగరం ఫోర్ట్ వాజ్ బిల్ట్ ఇన్ 1713.’ ఎనిమిదోది ‘ది ఫీ మస్ట్ బి పెయిడ్ దిస్ మంత్.’ ‘హ్యాజ్ టు బి పెయిడ్’ అన్నా సరే.

ఎనిమిదింటిలో ఆరు వస్తే వచ్చే పాఠానికి రండి. అంతకంటే తక్కువైతే “ఆగింది, ఆపారు” భాగం ఇంకోసారి చదివి, మీ ఇంట్లో ఇవాళ జరిగిన పది పనులు ఈ పద్ధతిలో చెప్పి చూసుకోండి. పాలు పొంగాయా, పాలు కాచారా?

టెక్కలి అమ్మాయి ఈ వాక్యాలన్నీ బస్సులో వల్లించుకుంటూ వెళ్లి, మర్నాడు ఒక ప్రశ్నతో వచ్చింది. “మాస్టారూ, దేవేంద్రవర్మ కట్టించాడు అన్నారు కదండీ. ‘దేవేంద్రవర్మ బిల్ట్’ అంటే ఆయనే రాళ్లు మోసినట్టు అవదా? మరి కట్టించాడుకి ఏటనాలి?” చాలా మంచి ప్రశ్న. కట్టించడం, కుట్టించుకోవడం, జుట్టు కట్ చేయించుకోవడం, బండి సర్వీసు చేయించడం, ఈ ‘ఇంచు’లన్నింటికీ ఇంగ్లీషులో ఒకే అచ్చు ఉంది. ‘హ్యావ్’ తర్వాత వస్తువు, ఆ తర్వాత మళ్లీ మన మూడో రూపం. ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్.’ ఐదో పాఠం అక్కడ మొదలవుతుంది. ఈలోపు మీరు ఈ వారంలో ఎవరిచేతనైనా చేయించుకున్న పనులు పదింటిని తెలుగులో రాసి పెట్టుకోండి.